చేదు పరీక్ష

దుండిగల్ దాటినాక, మట్టిరోడ్డు చివర రేకుల షెడ్డు.
తలుపు మీది పుర్రె బొమ్మ ఎండకు వెలిసి
ఇప్పుడు నవ్వుతున్నట్టే ఉంటుంది.
లోపల పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు, పన్నెండుగురు మనుషులు.
పన్నెండోవాడు ఓదేలు. ఎవరు లేచి ఇచ్చినా కూర్చోడు,
గోడకే ఆనుకుంటాడు.

పొద్దున డ్రమ్ముల పాఠం.
మూత ఉబ్బిన డ్రమ్మును ముట్టుకోవద్దన్నాను.
"తడిమేత మేసి ఉబ్బిన గొడ్డు లెక్క" అన్నాడు ఓదేలు.
అందరికీ ఒక్కసారే అర్థమైంది.
నా స్లైడు మీద అంత మంచి మాట లేదు.

కాటేదాన్ పూత షాపుల బురదలో సైనైడ్ ఉంటుంది,
యాసిడ్ పక్కన దించొద్దన్నాను.
"తోడికోడండ్లా మేడం?" అన్నాడు ఇర్ఫాన్.
"తోడికోడండ్లు నయం" అంది రాజవ్వ,
"తిట్టుకుని ఊకుంటరు."

తొడుక్కోవడం ఎవరికైనా వస్తుంది,
విప్పడమే అసలు పాఠం.
బయటి ముఖాన్ని లోపలికి మడుస్తూ, మడుస్తూ,
తెల్ల సూటును పాము కుబుసంలా కాళ్ళ దగ్గరికి దించాలి.
ఊపిరి మీది మాస్కును మాత్రం
తొందరపడి తీయొద్దు.
ఈ ముక్క మూడుసార్లు చెప్పాను.
మూడోసారి నాకే గొంతు ఎండింది.

అన్నాలు తిన్నాక మాస్కు పరీక్ష.
తలకు ముసుగు తొడిగి, ముందు రంధ్రంలోంచి
చేదుమందు తుంపర కొడతాను.
మొదట మాస్కు లేకుండా, నాలుకకు తెలుస్తుందో లేదో చూడ్డానికి.
తర్వాత మాస్కుతో. అప్పుడూ తెలిస్తే మాస్కు కారుతున్నట్టు.
ఇర్ఫాన్ బయటికి ఉరికి ఉమ్మాడు.
రాజవ్వ నన్ను తిట్టింది, నవ్వుతూనే, మా అమ్మతో సహా.
ఓదేలు "చేదు" అన్నాడు.
ముందువాళ్ళను చూసి నేర్చుకున్న మొహం పెట్టాడు,
కొంచెం ఆలస్యంగా.

ఎందుకో సీసా మార్చాను.
నా బాటిల్లోని తాగే నీళ్ళు పోసి కొట్టాను.
ఒకటి. రెండు. పది.
"వచ్చిందా?"
"వచ్చింది మేడం. శాన చేదు."

ముసుగు తీయడానికి చేతులు రాలేదు.
లోపల అతను నాలుక బయటపెట్టి,
బడిపిల్లాడిలా కళ్ళు మూసుకుని,
నా తర్వాతి మాట కోసం ఆగి ఉన్నాడు.

మిగతావాళ్ళను చాయ్‌కి పంపాను.

"పందొమ్మిదేండ్లు జీడిమెట్లల డ్రమ్ములు కడిగిన.
మూత తీసి వాసన జూసి చెప్పెటోన్ని,
ఇది టోలీను, ఇది అసిటోను, ఇది కల్తీ అని.
ఎంత రాత్రయినా శేటు నన్నే పిలిచెటోడు.
ముక్కు మీద బతికిన బిడ్డా.
ముక్కునే తిని బతికిన అనుకో.
రాయకు."

ఫారంలో రెండే గళ్ళు.
కింద అతని వేలిముద్ర పొద్దున్నే పడిపోయింది, నీలంగా,
చదవకముందే ఒప్పుకున్నట్టు.
గళ్ళు వదిలేసి అంచున రాశాను:
ఈయనకు నాలుకతో పనిలేని మిషను పరీక్ష చేయించండి.
మెడలో గ్యాస్ మీటరు లేనిదే లోపలికి పంపకండి.
అంచున రాయకూడదు అన్నాడు మేనేజరు.
మీటర్లు మూడు.
మనుషులు నలభై ఒక్కరు.
నేను పెన్ను మూత పెట్టలేదు, అతను సంతకం పెట్టలేదు.
ఫ్యాను తిరుగుతూనే ఉంది.

సాయంత్రం గేటు దగ్గర ఓదేలు నిలబడి ఉన్నాడు.
గండిమైసమ్మ వైపు ఆకాశం నల్లబడింది.
ఏమైందని అడగలేదు.
"మబ్బు గట్టిగనే పట్టింది. మట్టివాసన వస్తున్నదా మేడం?"

పీల్చాను.
ఈ షెడ్డుకు వచ్చి నాకు ఆరేళ్ళు.
మళ్ళీ పీల్చాను, కడుపు దాకా.
దూరంగా ఎక్కడో తడి రోడ్డు మీద లారీ టైర్ల చప్పుడు.
ఓదేలు నా మొహంలోకే చూస్తున్నాడు.

"వస్తోంది" అన్నాను,
కొంచెం ఆలస్యంగా.